పోర్చుగీసు ముక్కు అచ్చులు, నోటి అచ్చులు: తెలుగు నోటికి ఎక్కడ చిక్కొస్తుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లిస్బన్‌లో ఉద్యోగంలో చేరారు, బేకరీలో రొట్టె అడిగితే వాళ్ళకి ‘కర్ర’ అని వినిపిస్తోంది, ముక్కుతో పలకమంటే చివర ‘మ్’ వచ్చేస్తోంది, అసలు నోటి అచ్చుకీ ముక్కు అచ్చుకీ లోపల జరిగే తేడా ఏమిటో, దాన్ని నోటికి ఎలా పట్టించాలో చెప్పమన్నారు. ఏళ్ళుగా మనవాళ్ళకి పోర్చుగీసు ఉచ్చారణ నేర్పుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు ఒక్క మాట. మీ ముక్కు బాగానే పనిచేస్తోంది. ముక్కుతో పలికిన వెంటనే అలవాటుగా నోరు మూసేస్తున్నారు, చిక్కు అక్కడుంది. ఇంకో చిక్కు మీరు అడగలేదు కానీ అది దీనికంటే పెద్దది, నోటి అచ్చుల్లో ఉంది. దానికీ వస్తాను.

రాతలో సౌకర్యం కోసం ముక్కు అచ్చులన్నిటికీ మన పాత అరసున్న వాడుతున్నాను. ‘లా’ అంటే నోటి అచ్చు, ‘లఁ’ అంటే ముక్కు అచ్చు.

నాలుక కొసతో అంగిలిని ముందు నుంచి వెనక్కి తడుముకుంటూ వెళ్ళండి. పళ్ళ వెనక గట్టిగా, గరుగ్గా తగులుతుంది, ఇంకాస్త వెనక్కి వెళ్ళేసరికి మెత్తబడుతుంది. ఆ మెత్తని అంగిలి చివరే కొండనాలుక వేలాడేది. గట్టి అంగిలి కదలదు, ఈ మెత్తని భాగం కండరం కాబట్టి పైకీ కిందికీ కదులుతుంది. అది పైకి లేచి గొంతు వెనక గోడకి ఆనుకుంటే ముక్కులోకి వెళ్ళే దారి మూసుకుపోయి గాలంతా నోట్లోంచే బయటికొస్తుంది, ‘ఆ, ఈ, ఊ’ అని మామూలుగా పలికినప్పుడు జరిగేది ఇదే. అది కిందికి దిగితే ముక్కు దారి కూడా తెరుచుకుంటుంది, అప్పుడు గాలి నోట్లోంచీ ముక్కులోంచీ ఒకేసారి వస్తుంది, అది ముక్కు అచ్చు. మరి ‘మ’, ‘న’ పలికినప్పుడు కూడా మెత్తని అంగిలి దిగుతుంది కదా అంటే, దిగుతుంది, కానీ అప్పుడు పెదాలో నాలుకో నోటి దారిని అడ్డంగా మూసేస్తాయి, గాలికి ముక్కు ఒక్కటే దిక్కు. నోరు తెరిచి ఉంటే అచ్చు, మూసుకుంటే హల్లు. మీ చివరి ‘మ్’ సమస్య మొత్తం ఈ ఒక్క చోట ఉంది.

దీన్ని మీ ఒంట్లోనే పరీక్షించి చూసుకోవచ్చు. ‘లా’ అని దీర్ఘంగా సాగదీస్తూ వేళ్ళతో ముక్కు మూయండి, వదలండి, మళ్ళీ మూయండి. శబ్దం ఏమీ మారకూడదు. మారితే మీ నోటి అచ్చులోకి కూడా ముక్కు చొరబడుతోందని అర్థం. ఇప్పుడు ‘ఊఁ’ అని సాగదీస్తూ అదే చేయండి. ముక్కు మూసిన క్షణంలో శబ్దం మారిపోతుంది, ముక్కు దూలం దగ్గర వేళ్ళకి అదురు తగులుతుంది. ఇంకో పద్ధతి, చిన్న అద్దాన్ని ముక్కు కింద అడ్డంగా పెట్టి పలకడం. నోటి అచ్చుకి అద్దం మీద ఆవిరి పట్టదు, ముక్కు అచ్చుకి పడుతుంది.

ఆ ‘ఊఁ’ మీకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు, గమనించారా? అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టేది దానితోనే. ఎవరైనా పిలిస్తే ‘ఆఁ?’ అంటాం, వద్దని చెప్పడానికి ‘ఉహుఁ’ అంటాం. ఇవన్నీ అసలు సిసలు ముక్కు అచ్చులే. పోర్చుగీసులో ‘ఒకటి’ అనే మాట రాతలో యూ, ఎమ్ అని కనిపిస్తుంది కానీ పలుకులో అది కేవలం ‘ఊఁ’. కథకి ఊఁ కొట్టినట్టే, పెదాలు సున్నాలా చుట్టి ఉంటాయి, చివర కలవవు. మనవాళ్ళు అక్కడ ఎమ్ కనిపించగానే ‘ఉమ్’ అంటారు.

ఎందుకంటే మనకి రాతలో సున్న కనిపిస్తే హల్లు పలకడం అలవాటు. ‘కంప’లో సున్న మ్, ‘కంద’లో న్, ‘కంట’లో ణ్, ‘రంగు’లో ఙ్. తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది, పదం చివరైతే మ్. పోర్చుగీసు రాతలో అచ్చు తర్వాత, అదే అక్షరభాగంలో వచ్చే ఎమ్ గానీ ఎన్ గానీ చేసే పని వేరు, ‘ముందున్న అచ్చుని ముక్కుతో పలుకు’ అని చెప్పే గుర్తు మాత్రమే అది. ‘అవును’ అన్నది సీఁ, ‘మంచి’ అన్నది బోఁ, ‘చివర, ముగింపు’ అన్నది ఫీఁ, ‘తోట’ జర్దీఁ. వీటిలో దేనికీ పెదాలు కలవవు. కొన్ని మాటల్లో అచ్చు మీద ‘టిల్’ అనే వంకర గీత పెడతారు, ‘ఊలు’ అనే అర్థమున్న లఁ అలాంటిదే.

ఒక్క చోట మాత్రం మన సున్న అలవాటు దాదాపు సరిపోతుంది. ముక్కు అచ్చు తర్వాత ప, బ, త, ద, క, గ లాంటి హల్లు వస్తే మధ్యలో చిన్న ముక్కు హల్లు దానంతటదే పుడుతుంది. ‘పొలం’ కఁమ్పు, ‘పాట, మూల’ కఁన్తు. కారణం యాంత్రికమైనదే. మెత్తని అంగిలి నింపాదిగా కదిలే కండరం, అచ్చు మొదలయ్యాక మెల్లగా దిగుతుంది, తర్వాతి హల్లు కోసం పెదాలో నాలుకో మూసుకునే సమయానికి అది ఇంకా పూర్తిగా పైకి లేచి ఉండదు, ఆ సందులో మ్ గానో న్ గానో వినిపిస్తుంది. అందుకే కఁన్తు దగ్గర మీరు మన ‘కంతు’ అన్నా ఎవరూ కంగారుపడరు, అచ్చులో ముక్కు కాస్త ముందే మొదలుపెడితే చాలు. కానీ తర్వాత స, ఫ లాంటి హల్లు వస్తే, లేదా పదం అక్కడితో అయిపోతే, ఈ మ్, న్ ఉండకూడదు. ‘బాతు’ లాంటి పక్షికి గఁసు అంటారు, మధ్యలో నాలుక ఎక్కడా పళ్ళకి తగలదు.

తర్వాతి మాట అచ్చుతో మొదలైతే మరీ జాగ్రత్త. మనకి సంధి నరనరాల్లో ఉంది కదా, ‘ఒక స్నేహితుడు’ అనబోయి ‘ఉమమీగు’ అనేస్తాం. వాళ్ళు ‘ఊఁ అమీగు’ అని విడిగానే పలుకుతారు. దీని మీద భాషాశాస్త్రవేత్తల్లో పాత చర్చ ఉంది. బ్రెజిల్‌కి చెందిన మత్తోజు కామర జూనియర్, పోర్చుగీసులో ముక్కు అచ్చులు విడి అచ్చులు కావనీ, మామూలు అచ్చు పక్కన దాగిన ముక్కు హల్లే ఇలా వినిపిస్తోందనీ వాదించాడు. ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి మనకి పనికొచ్చేది. ముక్కు అచ్చు తర్వాత వచ్చే ‘ర’ ఎప్పుడూ బలంగానే పలుకుతుంది, హల్లు తర్వాత వచ్చినట్టు. ‘గౌరవం’ ఓఁర, అందులో ఓఁ తర్వాత వచ్చే ర లిస్బన్‌లో గొంతులోంచి గరగరగా వస్తుంది, మన ‘ర’ పనికిరాదు.

ఇప్పుడు నాలుక సంగతి. ముక్కు అచ్చు అంటే నోటి అచ్చుకి ముక్కు తగిలించడమే అనుకుంటే ఈ, ఊ ల దగ్గర పర్వాలేదు కానీ ఆ దగ్గర దెబ్బతింటారు. నోటి ‘ఆ’కి దవడ బాగా కిందికి దిగుతుంది, నాలుక నేలబారుగా ఉంటుంది. ముక్కు ‘అఁ’కి దవడ సగమే దిగుతుంది, నాలుక మధ్యభాగం కాస్త లేస్తుంది. ‘అక్కడ’ అనే లా, ‘ఊలు’ అనే లఁ పక్కపక్కన అద్దంలో చూస్తూ పలికితే నోరు తెరుచుకోవడంలో తేడా కంటికే కనిపించాలి. హిందీ, ఉర్దూ వచ్చిన హైదరాబాద్ వాళ్ళు ఇక్కడ ప్రత్యేకంగా పొరపడతారు, ఎందుకంటే ‘మాఁ’, ‘హాఁ’ లలో వాళ్ళకి పూర్తిగా తెరిచిన ఆఁ ఉంది, దాన్నే తెచ్చి ఇక్కడ పెడతారు. ఫ్రెంచి నేర్చుకుని వచ్చినవాళ్ళదీ అదే తంతు, ఫ్రెంచి ముక్కు అచ్చులు మొత్తంగా నోరు ఎక్కువ తెరిచి పలికేవి. పోర్చుగీసువి మూసినవైపే ఉంటాయి, మొత్తం అయిదే: ఈఁ, ఏఁ, అఁ, ఓఁ, ఊఁ. ఏఁ, ఓఁ లలో తెరిచినది, మూసినది అనే తేడా లేదు, రెండూ మూసినవే.

మీ రొట్టె దగ్గరికి వద్దాం. అఁ తర్వాత పెదాలు గుండ్రంగా చుట్టుకుంటూ ఉ వైపు జారే జంట అచ్చు అది, మొదటి నుంచి చివరి దాకా ముక్కు దారి తెరిచే ఉండాలి. ‘రొట్టె’ పఁవ్, ‘చెయ్యి’ మఁవ్. ముక్కు లేకుండా పావ్ అంటే కర్ర (బ్రెజిల్ వాడుకలో దానికో బూతు అర్థం కూడా ఉంది), మావ్ అంటే చెడ్డ. మన దేశానికి ఈ శబ్దం ఎప్పుడో వచ్చింది, రెండు ముక్కలుగా విడిపోయి వచ్చింది. ముంబయి పావ్ భాజీలో పావ్ ఈ రొట్టే, అక్కడ చివరి వ్ మిగిలి ముక్కు పోయింది. మన బొత్తాం కూడా పోర్చుగీసు మాటే, ‘బుతఁవ్’ నుంచి వచ్చింది, ఇక్కడ ముక్కు మిగిలింది కానీ వ్ పోయి పెదాలు కలిసే మ్ అయింది. బేకరీలో మీరు పావ్ భాజీలో పావ్ అంటే వాళ్ళకి కర్ర అనే వినిపిస్తుంది, బొత్తాంలా ‘పాం’ అంటే ఏమీ అర్థం కాదు. రెండూ ఒకేసారి జరగాలి.

జరిపించడం కూడా మీకు వచ్చు. ‘మామిడి’ని ‘మావిడి’ అనీ ‘మామయ్య’ని ‘మావయ్య’ అనీ మనం ముచ్చట్లలో అంటాం కదా, ఆ ‘వ’ ఉత్త వ కాదు, పలికి చూడండి, ముక్కులో అదురుతుంది. అలాగే ‘గుర్రం’, ‘పుస్తకం’ తీరిగ్గా మాట్లాడుకునేటప్పుడు పలికే తీరు గమనించండి. పాఠం చదివినట్టు చదివితే చివర పెదాలు కలుస్తాయి, మామూలు మాటల్లో చాలామందికి కలవవు, పెదాలు దగ్గరికొచ్చి ఆగిపోతాయి, ‘గుర్రఁవ్’ అన్నట్టు వస్తుంది. పోర్చుగీసు వాళ్ళ పఁవ్ చివర ఉన్నది సరిగ్గా ఆ కదలికే. కాబట్టి అద్దం ముందు నిలబడి బద్ధకంగా ‘గుర్రఁవ్, గుర్రఁవ్’ అనండి, తర్వాత ‘రఁవ్, రఁవ్’, ఆ తర్వాత ర స్థానంలో ప. పెదాల మధ్య సన్నటి సందు చివరిదాకా కనిపిస్తూనే ఉండాలి. ప కి మొదట్లో ఒత్తు పెట్టకండి, మన ప చాలు. నేను ఈ దారిలో చెప్పినవాళ్ళకి పఁవ్ త్వరగా పట్టుబడుతుంది, పుస్తకాల్లో బొమ్మలు చూసి ప్రయత్నించినవాళ్ళకే ఆలస్యమవుతుంది.

ఇదే శబ్దం క్రియల చివర కూడా వస్తుంది కాబట్టి దీని మీద పెట్టిన శ్రమ వృథా పోదు. ‘వాళ్ళు మాట్లాడారు’ ఫలారఁవ్, ‘వాళ్ళు మాట్లాడతారు’ ఫలరఁవ్. మొదటిదానిలో ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు, ‘లా’ మీద, రెండోదానిలో చివరి రఁవ్ మీద. రాతలో ఒకటి ఏ, ఎమ్ తోనూ రెండోది టిల్‌తోనూ ముగుస్తుంది, చివరి శబ్దం మాత్రం ఒకటే.

మిగతా జంటలు తొందరగా చెప్పేస్తాను. అఁ నుంచి ఇ వైపు జారితే ‘అమ్మ’ మఁయ్. నాన్న మాత్రం ముక్కు లేని పాయ్. ఓఁ నుంచి ఇ వైపు జారితే ‘పెడతాడు’ పోఁయ్. ‘చాలా’ అనే మాట రాతలో ఎక్కడా ముక్కు గుర్తు ఉండదు, పలుకులో మూఁయ్తు, మొదటి మ్ లోని ముక్కు తర్వాతి అచ్చులోకి పాకింది. రాతలో ఈ, ఎమ్ అక్షరాలతో ముగిసే ‘బాగా’ అనే మాటని బ్రెజిల్‌లో బేఁయ్ అంటారు, లిస్బన్‌లో బఁయ్ అంటారు, అంటే మీ ఊళ్ళో అది ‘అమ్మ’ మఁయ్‌తో ప్రాస కలుస్తుంది. బ్రెజిల్ వీడియోలు చూసి నేర్చుకుని లిస్బన్‌లో దిగినవాళ్ళు మొదట తికమకపడేది ఇక్కడే.

ఇక నోటి అచ్చులు. అందరికీ టెన్షన్ ముక్కు అచ్చుల మీద, మాట తప్పుగా వినబడేది మాత్రం ఎక్కువసార్లు నోటి అచ్చుల వల్ల. ఊనిక పడిన చోట పోర్చుగీసులో ఏ రెండు రకాలు, ఓ రెండు రకాలు, మూసినవి, తెరిచినవి. ‘తాత’ అవో, ‘అమ్మమ్మ’ కూడా అవో, మొదటిదానిలో ఓ మూసినది, రెండోదానిలో తెరిచినది, రాతలో ఒకదాని మీద టోపీ, ఇంకోదాని మీద వాలు గీత. మనకి ఒ, ఓ ల మధ్య తేడా నిడివిది, వాళ్ళకి తేడా నోరు ఎంత తెరిచామన్నది. పొట్టిగా, పొడుగ్గా పలికి తేడా చూపిద్దామనుకుంటే కుదరదు.

అయితే ఈ రెండు రకాలూ మన నోట్లో ఉన్నాయి, మనకే తెలియకుండా. ‘కోటి’, ‘కోట’ నెమ్మదిగా పలికి చూడండి. తర్వాతి అక్షరంలో అ ఉంటే ముందున్న ఓ కాస్త తెరుచుకుంటుంది, ఇ గానీ ఉ గానీ ఉంటే మూసుకుంటుంది. ‘మేడి’, ‘మేడ’ కూడా అంతే. కోటలో ఓ ని ఇంకాస్త తెరవండి, అమ్మమ్మ వస్తుంది. కోటిలో ఓ తాతది. పోర్చుగీసులో ‘అతను’ ఏల్, మూసిన ఏ, ‘ఆమె’ ఏల, తెరిచిన ఏ, రెండో మాట చివర అ ఉంది కాబట్టి మన నోరు దాన్ని తనంతట తాను సరిగ్గా పలికేస్తుంది. ‘కొత్తది’ పుంలింగంలో నోవు మూసినది, స్త్రీలింగంలో నోవ తెరిచినది, అదీ మనకి ఉచితంగా వచ్చేదే. మోసపోయేది ‘బల్ల’ మేజ, ‘నోరు’ బోక దగ్గర. చివర అ ఉన్నా వాళ్ళు మూసిన అచ్చే పలుకుతారు, మన నోరేమో మేడ, కోటలా తెరిచేస్తుంది. ఇలాంటి మాటలు కనబడినప్పుడల్లా ఒక కాగితం మీద రాసుకుని ‘మేడి, మేజి, మేజ’ అని మొదటి అచ్చు కదలకుండా పలకడం సాధన చేయండి. బహువచనంలో ఇంకో మలుపు ఉంది, ‘గుడ్డు’ ఓవు మూసినది, ‘గుడ్లు’ లో ఓ తెరిచినది, దానికి నియమం వెతక్కండి, మాటతో పాటే గుర్తుపెట్టుకోండి.

ఊనిక లేని చోట్ల లిస్బన్ మాట తీరు మరీ పిసినారి. ఓ అన్నది ఉ అయిపోతుంది, ఆ అన్నది అ అవుతుంది, ఏ దాదాపు మాయమవుతుంది, ‘టెలిఫోన్’ అన్నది మీ చెవికి ‘త్ల్‌ఫోన్’లా తగులుతుంది. ‘నివసించడం’ అనే మాట రాతలో ఓ తో ఉంటుంది, మురార్ అంటారు. కానీ ముక్కు అచ్చులు ఈ కోతకి లొంగవు. ‘అమర్చడం’ మోఁన్తార్, ఓఁ చెక్కుచెదరదు. అందుకే వేగంగా మాట్లాడే వాక్యంలో ఏమీ అందనప్పుడు ముందు ముక్కు అచ్చులు పట్టుకోండి, వాటి చుట్టూ మిగతా మాట పోల్చుకోవచ్చు.

బ్రెజిల్ వాళ్ళతో మాట్లాడితే ఇంకో తేడా గమనిస్తారు. తర్వాతి అక్షరం మ గానీ న గానీ అయితే ముందున్న ఊనిక అచ్చుని వాళ్ళు గట్టిగా ముక్కుతో పలుకుతారు, ‘మంచం’ కఁమ. పోర్చుగల్‌లో ఆ ముక్కు చాలా తక్కువ. ఆంటోనియో పేరుని బ్రెజిల్‌లో ఓ మీద టోపీ పెట్టి మూసిన అచ్చుతో, పోర్చుగల్‌లో వాలు గీత పెట్టి తెరిచిన అచ్చుతో రాస్తారు, పోర్చుగీసు మాట్లాడే దేశాలు స్పెల్లింగుల మీద చేసుకున్న 1990 నాటి ఒప్పందం కూడా రెండు రాతల్నీ ఉంచేసింది. మీరు లిస్బన్‌లో ఉన్నారు కాబట్టి ఇంకోటి, ‘మాట్లాడతాం’ ఫలముష్‌లో ఊనిక అచ్చు సగం తెరిచిన అ, ‘మాట్లాడాం’ ఫలాముష్‌లో పూర్తిగా తెరిచిన ఆ. కాలం తేడా మొత్తం ఆ ఒక్క అచ్చు మీద నిలబడి ఉంది. బ్రెజిల్‌లో ఈ తేడా వినబడదు.

మీకు స్పానిష్ కొంచెం వచ్చని రాశారు, అది బాగా పనికొస్తుంది. లాటిన్ మాటల్లో రెండు అచ్చుల మధ్య ఉన్న ‘న’ పోర్చుగీసులో రాలిపోతూ తన ముక్కుని ముందున్న అచ్చుకి వదిలిపోయింది, స్పానిష్‌లో న అలాగే ఉంది. స్పానిష్ మానో ఇక్కడ మఁవ్, లానా ఇక్కడ లఁ. కొన్నిటిలో ఆ ముక్కు కూడా అరిగిపోయింది, చంద్రుడు లూనా ఇక్కడ ఉత్త లూఅ. పఁవ్, మఁవ్, బుతఁవ్ మూడూ ఏకవచనంలో ఒకేలా ముగిసినా బహువచనాలు మూడు రకాలు, వాటికి స్పానిష్‌ని అడగండి. పానెస్ కాబట్టి రొట్టెలు పఁయ్‌ష్, మానోస్ కాబట్టి చేతులు మఁవ్‌ష్, బొతోనెస్ కాబట్టి బొత్తాలు బుతోఁయ్‌ష్.

సాధన గురించి. రోజూ కాసేపు జంటలుగా పలకండి, ఎప్పుడూ నోటి అచ్చు ముందు, ముక్కు అచ్చు తర్వాత. లా, లఁ. ‘చూశాను’ వీ, ‘వచ్చాను’ వీఁ. ‘నవ్వుతాడు’ రీ, ‘మూత్రపిండం’ రీఁ. ‘మూగవాడు’ మూదు, ‘ప్రపంచం’ మూఁన్దు. ‘తోడేలు’ లోబు, ‘నడుము’ లోఁమ్బు. నోటి అచ్చు దగ్గర ముక్కు మూసి చూసుకోండి, శబ్దం మారకపోతేనే రెండోదానికి వెళ్ళండి. ముక్కు అచ్చులు రావాలనే తాపత్రయంలో అన్నిటినీ ముక్కుతో పలికేవాళ్ళు చాలామంది, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది, లా కూడా లఁ లా వినబడితే ఎదుటివాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? అఁ అసలు రాకపోతే ‘రంగు’ అనబోయి గ దగ్గరికి వెళ్ళకుండా ఙ్ మీదే ఆగి శబ్దాన్ని సాగదీయండి, అప్పటికి నాలుక వెనకభాగం అంగిలిని అంటుకుని ఉంటుంది, ముక్కు దారి తెరిచే ఉంటుంది. శబ్దం ఆపకుండా ఆ నాలుకని మాత్రం కొంచెం కిందికి దించండి. వచ్చేది అఁ.

ఒక వారం ఇలా చేశాక ‘పాయ్, మఁయ్, పావ్, పఁవ్’ నాలుగూ వరసగా ఫోన్‌లో రికార్డు చేసి, వరస చెప్పకుండా మీ ఆఫీసులో ఒక పోర్చుగీసు సహోద్యోగికి వినిపించి విన్నది రాసివ్వమనండి. ఆ కాగితంలో ఏ రెండు తారుమారయ్యాయో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం సరిచేయాలో చెబుతాను.